ఎడమపక్క గుర్రం

మైలవరం చుట్టుపక్కల పంట కాపలాకి లైసెన్సు తుపాకులున్న రైతులు కొద్దిమందే. ఆ తుపాకుల్లో సగానికి పైగా ఆమోసు కొలిమిలో పుట్టినవి. ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆమోసే చెప్పేవాడు. వినయం గురించి ప్రతి ఆదివారం చర్చిలో శ్రద్ధగా వినేవాడు. సోమవారం పొద్దున కొలిమి రాజుకునేసరికి అది కాస్తా ఆవిరైపోయేది.

అతని తండ్రి కొండపల్లిలో ఒక ముసలి సాయిబు దగ్గర తిత్తులు ఊదేవాడు. తుపాకులు బాగుచేసే ఆ సాయిబుకి విద్య ఇచ్చి పోదామంటే కొడుకుల్లేరు. ఆమోసుకి విద్య అడిగి తీసుకోవడానికి సిగ్గు లేదు. అలా పని ఒంటబట్టింది. తరవాత సర్కారు లైసెన్సు కూడా వచ్చింది. దాన్ని పటం కట్టించి, ఇంట్లో బైబిలు వాక్యం పటం పక్కనే వేలాడదీశాడు. రెండింట్లో ఏది బెత్తెడు పైకి ఉండాలనే విషయమ్మీద భార్య మణెమ్మకీ అతనికీ చాలాకాలం చర్చ నడిచింది.

"నా తుపాకి గుమ్మం దాటిందంటే మళ్లీ రిపేరుకి రాదు" అని అతని మాట. ఆ మాట మీదే బతికాడు. పొలంలేదు, చదువులేదు. ఉన్నదల్లా ఆ పేరు.

డెబ్బై రెండులో బెజవాడ కొట్లో మందు టోపీలు దొరకడం మానేశాయి. ఆ టోపీలు లేకపోతే మామూలు తుపాకి పేలదు. రైతులు వేరుసెనగ చేలో తుపాకులు పట్టుకుని అడవిపందులకేసి చూసేవాళ్లు, పందులు రైతులకేసి చూసేవి. అప్పుడు వెంకటకృష్ణారావు గారికి ఆలోచన వచ్చింది. ఆయన ఊళ్లో పెద్దరైతు, పెద్దమనిషి.

"ఆమోసూ, తాతల కాలంలో చెకుముకి తుపాకులుండేవిట కదోయ్. చెయ్యగలవా? టోపీలక్కర్లేదు. రాయికేం, ఏట్లో కావలసినన్ని."

ఆమోసు మూడుతరాలవాళ్లు వినేట్టుగా దగ్గాడు. "సాయిబు దగ్గర ఒక్కటి విప్పి బిగించానండీ. చేసి చూపిస్తాను."

చెకుముకి తుపాకికి గుర్రం అని చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. దాని నోట రాయి బిగిస్తారు. మీట నొక్కితే గుర్రం ముందుకి వాలుతుంది, రాయి ఉక్కుపలకని గీరుతుంది, రవ్వలు పడి చిన్న గిన్నెలోని రంజకం, అంటే మెత్తటి తుపాకిమందు, భగ్గుమంటుంది. ఆ మంటే గొట్టంలోకి పాకి తుపాకిని పేలుస్తుంది. ఈ వైభవమంతా తుపాకికి కుడిపక్కన జరుగుతుంది. మనుషులకి ఎడమచెయ్యి దేనికిచ్చారో అందరికీ తెలుసు గనక, ఇంకో పక్కన జరగొచ్చని ఎవరికీ తోచలేదు.

కొలత రోజున ఆమోసు కొబ్బరితాడు తీసి, "కుడిచెయ్యి చాపండి బాబుగారూ" అన్నాడు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. వెదురుకర్రని చెంపకి ఆనించమని, ఎముక ఎక్కడ తగులుతుందో బొగ్గుతో గీత పెట్టాడు. మగ్గం గుంటలో కూచున్నవాడిలా ఇక కొలిమి వదల్లేదు. లారీ కమాను పట్టీ సాగదీసి స్ప్రింగు చేశాడు. ఉక్కు నెమలికంఠం రంగు తిరిగే దాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఒక్క లెక్క తప్పితే స్ప్రింగు పుటుక్కుమంటుంది. ఎప్పట్నుంచో దాచుకున్న ఇరుగుడు చెట్టు చేవ చెక్కి తుపాకి వెనక కర్ర చేశాడు, చెంప ఆనేచోట అరచేతితో నిమిరినట్టు చిన్న వంపు ఇచ్చాడు. మణెమ్మ చూసి, "మన పెళ్లిమంచానికి లేదు ఈ నునుపు" అంది.

పేల్చి చూసే రోజున చేలో గుంజ మీద కుండ బోర్లించారు. కృష్ణారావు గారు పేల్చారు. కుండ చెక్కుచెదరలేదు. మళ్లీ పేల్చారు. ఆ దెబ్బ ఎటు పోయిందో ఈనాటికీ తెలియదు.

"కళ్లు మూసుకుంటున్నారండీ" అన్నాడు ఆమోసు, పంతులు పిల్లాడితో అన్నట్టు.

"గురి నాకు లేదులే. తుపాకి మాత్రం బ్రహ్మాండం. హాల్లో గోడకి పెట్టిస్తా, వచ్చినవాళ్లంతా చూస్తారు."

"పందులు హాల్లోకొస్తాయాండీ?"

అంతలో ఓ మేక చేలో దూరింది. కృష్ణారావు గారు తుపాకి ఆమోసు చేతికిచ్చి, మట్టిగడ్డ తీసి విసిరారు. అంత దూరాన మేక కొమ్ము మీద ఠంగున తగిలింది. విసిరింది ఎడమచెయ్యి.

ఆమోసు మేకనీ చూడలేదు, గడ్డనీ చూడలేదు. "తమది ఎడమచేతివాటమాండీ?"

ఆయన చుట్టూ చూశారు. "మెల్లిగా అను. అన్నం దగ్గరా పలక దగ్గరా మా నాయనమ్మ ఈ చేతికి గుడ్డ కట్టేది. పదేళ్లకల్లా అందరూ మర్చిపోయారు."

"చెయ్యి మర్చిపోలేదండీ."

"చేతికేం, అది పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లక్కర్లేదు. ఊళ్లో పిల్లలకి అక్షరాలు నాచేత దిద్దిస్తారోయ్. ఇది తెలిస్తే ఏమంటారు?"

"కొలత తీసేటప్పుడైనా చెప్పొద్దూ?"

"కుడిచెయ్యి చాపమన్నావు, చాపాను. నువ్వు అడిగావా?"

నిజమే, ఆమోసు అడగలేదు. ఈ తుపాకిని ఎడమభుజాన పెడితే రంజకం మంట మొహాన కొడుతుంది, చెంపవంపు చెంపని పొడుస్తుంది. కుడిభుజాన పెడితే పందులకి పండగ. తుపాకి భుజాన వేసుకుని వెనక్కి తెచ్చేశాడు. గుమ్మం దాటింది తిరిగొచ్చింది.

"గోడకి పెట్టుకుంటానంటే నీకేం నెప్పయ్యా?" అంది మణెమ్మ. "వచ్చినవాళ్లంతా నీ పేరే చెప్పుకుంటారు."

"చెప్పుకుంటారు."

"మరి?"

"అది కర్రకి పేరు. తుపాకికి కాదు."

ఒక రోజంతా ఏ పనీ ముట్టుకోకుండా కూచున్నాడు. రెండోనాడు ఇరుగుడు కర్ర ఊడదీసి అటక మీద పెట్టేశాడు. మళ్లీ అలాంటి చేవ దొరికేది కాదు, తుమ్మకర్ర చెక్కాడు. గొట్టానికి కుడిపక్క రంధ్రం మూసి ఎడమపక్క తొలిచాడు. గుర్రం, గిన్నె, స్ప్రింగు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి చెయ్యాలి. జీవితమంతా ఒకవైపు తిరిగిన చేతులు రెండోవైపు తిరగమంటే మొరాయించాయి. స్ప్రింగులు విరిగాయి, వేళ్లు కాలాయి. తయారైనదాన్ని చూస్తే కోపమొచ్చినవాడు అటు తిరిగి కూచున్నట్టుండేది.

కృష్ణారావు గారు దాన్ని ఎడమభుజాన ఆనించి, మొదటి దెబ్బకే కుండ ఎగరగొట్టారు. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు మీసాల్లోకి సర్దుకోవడానికి కొంతసేపు పట్టింది.

తరవాత ఆ తుపాకిని పోలీసు స్టేషనులో చూపించి రావడానికి ఆయన మైలవరం వచ్చారు. బస్టాండు దగ్గర టీ హోటల్లో ఆమోసు కూడా ఉన్నాడు. పక్కన వెల్డింగు షాపు పెట్టి తుపాకులు కూడా బాగుచేసే ఇశ్రాయేలు తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి ఈల వేశాడు.

"ఏందన్నా, గుర్రం ఎడమపక్క కట్టావు? లాయం దారి తప్పిందా?"

హోటలు హోటలంతా నవ్వింది. కృష్ణారావు గారు గ్లాసు కింద పెట్టి నోరు తెరిచారు. ఆయన మొహం చూస్తే నిజం చెప్పేసేట్టే ఉన్నారు. ఆమోసు ముందే అందుకున్నాడు.

"వయసయిపోయిందిరా తమ్ముడూ. కొలత తప్పాను. బాబుగారు మంచోరు గనక సర్దుకున్నారు."

"చెప్పుకోటానికి మాత్రం పెద్ద పేరు" అన్నాడు ఇశ్రాయేలు.

ఆమోసు చల్లారిన టీ తాగాడు. కృష్ణారావు గారు తుపాకి భుజాన వేసుకున్నారు. బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు.

ఆ మాట అతనికంటే ముందే ఇల్లు చేరింది. మణెమ్మ అన్నం వడ్డించింది. ఆ యేడు ఆమోసు దగ్గరికి తుపాకి పని రాలేదు, ఇశ్రాయేలు దగ్గరికి పోయింది. కొలిమికి గుద్దళ్లూ కొడవళ్లూ వచ్చాయి. ఉయ్యూరు వైపు చెరుకు కోతలకి వెళ్లే అమలమ్మ తన కత్తి తెచ్చి పదును పెట్టమంది.

"ఏ చేత్తో కోస్తావమ్మా?" అని అడిగాడు ఆమోసు.

"ఎడం చేత్తో. ఎందుకూ?"

అతను కత్తిని రెండోవైపు తిప్పి సానరాయి మీద పెట్టాడు.