కాలవ వంతెన మీద మోహన రాగం

నాకు సన్నాయి పిచ్చి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కొందరికి పేకాట, కొందరికి టీవీ సీరియళ్ళు, నాకు సన్నాయి. అది కూడా పెళ్ళిలో అందరూ తలాడించే నాలుగు నిమిషాల సినిమా పాట కాదు. పాట మొదలుపెట్టి, మధ్యలో దాన్ని వదిలేసి, ఎక్కడెక్కడో తిరిగి, ఇక ఈయన దారి తప్పాడు అని మనం అనుకునే వేళకి సరిగ్గా ఆ పాట గుమ్మంలోనే వచ్చి దిగాలి. చదువుకున్నవాళ్ళు దాన్ని మనోధర్మం అంటారు. నేను తిరుగుడు అంటాను.

మొగల్తూరు వైపు ఒక సన్నాయి ఆయన ఉన్నారు. ఆయన తిరిగినట్టు ఎవరూ తిరగలేరు. ఆయన మేళం ఉందని తెలిస్తే చాలు, పిలుపు లేని పెళ్ళికైనా వెళ్ళి ముందు వరసలో కూర్చుంటాను. మీరు ఆడపిల్ల తరఫా, మగపిల్లాడి తరఫా అని అడిగితే మేళం తరఫు అంటాను. భోజనానికి మాత్రం లేవను. అంత మర్యాద నాకూ ఉంది. పులిహోర వాసన వస్తే ఆ మర్యాద ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అంతకుముందు కడియం నర్సరీల్లో అంట్లు కట్టేదాన్ని. ఏ ఆకు ఏ మొక్కదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పేదాన్ని గాని, కుండీకి కట్టిన అట్ట మీద పేరు చదవలేకపోయేదాన్ని. రాయడం వచ్చాక నా అంతట నేను మొదట రాసుకున్నది సంతకం కాదు. “కల్యాణి. నలభై నిమిషాలు. బాగుంది.” అప్పటినుంచి ఆయన వాయించిందల్లా రాస్తున్నాను. బాగుండని రోజు బాగాలేదనే రాస్తాను, ఆయనకి కూడా చెబుతాను. ఒకసారి “ఇవాళ నీళ్ళు కలిపారండి” అన్నందుకు రెండు పెళ్ళిళ్ళదాకా నా వైపు చూడలేదు. మూడో పెళ్ళిలో నా ఎదురుగా నిలబడి గంటసేపు తోడి రాగం వాయించారు. అందులో చుక్క నీళ్ళు లేవు.

అందుచేత మా తమ్ముడి కూతురి పెళ్ళికి మేళం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. తమ్ముడు డీజే పెడదామన్నాడు. పెట్టుకో, నేను రాను అన్నాను. పెట్టలేదు.

ముహూర్తం పగలు పదకొండు గంటల రెండు నిమిషాలకి. పంతులుగారు ముందురోజే గట్టిగా చెప్పారు. “అది దాటిందంటే ఈ నెలలో మళ్ళీ లేదండి. తర్వాత మూఢం. మూడు నెలలు ఆగాలి.” మగపెళ్ళివారి విడిది కాలవ అవతల బడిలో. అక్కణ్ణుంచి వంతెన దాటించి మా పందిట్లోకి ఊరేగింపుగా తీసుకురావాలి. మామూలుగా నడిస్తే పావుగంట. కాకపోతే మా ఊళ్ళో మేళాన్ని దాటి ఎవరూ ముందుకు నడవరు. మేళం కదిలితే పెళ్ళికొడుకు కారు కదులుతుంది. మేళం ఆగితే కారు ఆగుతుంది.

“అక్కా, మేళాన్ని నడిపించే పని నీది. ఆయన నీ మాట వింటాడు” అన్నాడు తమ్ముడు.

ఆయన నా మాట వినడు. ఆయన వాయించేది నేను వింటాను. ఈ తేడా మా తమ్ముడికి తెలియదు.

పదింటికి విడిది నుంచి కదిలాం. ముందు మేళం, పక్కన నేను, వెనక పూలపళ్ళాలతో ఆడవాళ్ళు, ఆ వెనక కారు. వంతెన మీదికొచ్చేసరికి ఆయన మోహనలో ఒక కీర్తన వాయిస్తున్నారు. అవతలి ఒడ్డున మొక్కల లోడుతో ఒక లారీ, మాకు దారిచ్చి పక్కకి ఆగింది. ఆగినవాడు ఊరుకోవచ్చు కదా. హారను కొట్టాడు. మూడు స్వరాల హారను.

సన్నాయి ఆయన నడక ఆపేశారు. ఆ మూడు స్వరాలనీ తిరిగి వాయించారు. అచ్చం అలాగే, కాకపోతే మోహనలో పెట్టి. డ్రైవరు తల బయటికి పెట్టి, “ఏవండోయ్, మళ్ళీ కొట్టమంటారా?” అన్నాడు.

“కొట్టు బాబూ” అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఒప్పుకుంటున్నాను.

అతను కొట్టాడు, ఈయన జవాబు చెప్పారు. నాలుగోసారికి డ్రైవరు దిగివచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈయన మాత్రం ఆ మూడు స్వరాలనీ పట్టుకుని బయల్దేరారు. కిందికి దిగారు, ఒకదాన్ని సాగదీశారు, ఒకదాన్ని దాచేశారు, డోలు ఆయన దాన్ని వెతికి పట్టుకుని కొట్టి చూపించారు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, అంతటి తిరుగుడు నేను వినలేదు.

తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. “ఎక్కడున్నారే?”

“వచ్చేస్తున్నాం.”

“ఇందాకా అదే చెప్పావు. ఇప్పుడూ సన్నాయి అంతే దూరం నుంచి వినిపిస్తోందే!”

పెళ్ళికొడుకు తల్లి కారు దిగి నా దగ్గరకొచ్చింది. “వదినగారూ, మా వాడు సూటులో ఉడికిపోతున్నాడండీ. ఈ వంతెన మీదేంటండీ?”

“ఉష్! ధైవతం మీద నిలబడ్డారు. కదిలిస్తే పాపం.”

“మిమ్మల్ని నడిపించమని పెట్టారా, వినమని పెట్టారా?”

ఆగమని చెయ్యి చూపించాను. జవాబు చెప్పే తీరిక లేదు.

పదీ నలభైకి పంతులుగారు పంచె పైకి దోపుకుని ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చారు. “అమ్మా, ఇరవై రెండు నిమిషాలుంది. అక్కడ పిల్ల గౌరీపూజ ముగించి కూర్చుంది. తల్లి ఏడుస్తోంది. మీ ఇష్టం.”

అప్పుడు నాకు ఒళ్ళు తెలిసింది. వెళ్ళి సన్నాయి ఆయన భుజం తట్టాను. బాగున్నప్పుడల్లా తట్టడం నాకు అలవాటు. ఆయన కళ్ళు తెరవకుండానే తలూపి ఇంకో మెట్టు పైకెక్కారు.

ఆయన ఇంకాసేపట్లో పాట దగ్గరికి వస్తారని నాకు తెలుసు. అయిదు నిమిషాలు పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు. ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. ఈ సంబంధం కోసం రెండేళ్ళు ఇంట్లో పోట్లాడి ఒప్పించుకున్న పిల్ల. మేనత్త సంగీతం విని దాన్ని ఇంకో మూడు నెలలు కూర్చోబెట్టిందంటే ఏం బాగుంటుంది?

ఆయన ఎదురుగా నిలబడి, పంతుళ్ళు ఆడించినట్టే చూపుడువేలు పైకెత్తి ఆడించి అరిచాను. “గట్టిమేళం! గట్టిమేళం!”

తాళి కట్టేటప్పుడూ, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడూ పంతులు ఆ మాట అనగానే వాయిస్తున్నది ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ ఒక్కసారి హోరెత్తించాలి. అది బుర్రలో ఉండదు, చేతుల్లోనే ఉంటుంది. డోలు ఆయన చేతులు వాటంతటవే లేచాయి. తాళాలు మోగాయి. సన్నాయి కూడా ఉలిక్కిపడి అందులో కలిసిపోయింది. ఆ మోత వింటే చేతిలో ఉన్నది చల్లడం మా ఆడవాళ్ళకీ అలవాటే. పళ్ళాల్లో పూలన్నీ పెళ్ళికొడుకు కారు మీద పడ్డాయి. మిగిలినవి లారీ డ్రైవరు మీద పడ్డాయి. కారులో కునుకు తీస్తున్న పెళ్ళికొడుకు బామ్మ లేచి రెండు చేతులూ జోడించి, “అయిపోయిందా నాయనా? భోజనాలెక్కడా?” అంది.

ఆ ఊపులోనే డోలు పట్టీ పట్టుకుని ముందుకు లాగాను. గట్టిమేళం వేగానికి కాళ్ళు కూడా వేగంగానే పడ్డాయి. పదకొండుకి తొమ్మిది నిమిషాలుండగా పందిట్లో పడ్డాం.

అక్కడ అసలు తగువు వచ్చింది. పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెట్టారు, తెర పట్టారు, జీలకర్ర బెల్లం చేతిలో పెట్టారు. చూస్తే సన్నాయి ఆయన సన్నాయిని గుడ్డసంచిలో పెట్టేసుకుంటున్నారు.

“ఇదేంటండీ?” అన్నాను.

“పీటల దగ్గర వాయించాల్సిన గట్టిమేళాన్ని రోడ్డు మీద వాయింపించేశారు కదండీ. ఇంకేం వాయించను?”

“తప్పు నాదేనండి.”

“ఇంకెవరు ఆపినా పట్టించుకునేవాణ్ణి కాదండి. మీరు ఆపారు. నేను ఎక్కడున్నానో కూడా తెలియకుండా ఆపేశారు.”

పంతులుగారు వేలు సిద్ధంగా పెట్టుకుని మా ఇద్దరి వైపూ చూస్తున్నారు. తెర వెనక పిల్ల కూడా అటే చూస్తోంది.

నాకు కోపం వచ్చింది. “తెలియకపోవడమేంటండీ? పల్లవికి మూడు అడుగుల దూరంలో ఉన్నారు. లారీ హారను ఒకసారి పైన వాయించేవారు, అది కిందికి దింపేవారు, దాని తోక పట్టుకుని పల్లవిలోకి వచ్చేవారు. అంతేనా?”

ఆయన చెయ్యి సంచి మీదే ఆగింది. తర్వాత సంచి విప్పారు.

“నాలుగండి” అన్నారు. “మూడు కాదు, నాలుగు.”

పంతులుగారి వేలు ఆడింది. మేళం హోరెత్తింది. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. తమ్ముడు నా వైపు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత చూసి పళ్ళు నూరాడు.

పులిహోర నాదాకా రాకుండానే అయిపోయింది. భోజనాలయ్యాక ఆయన దగ్గరకెళ్ళి నాలుగోది ఏంటండీ అని అడిగాను. “తెలియదండి” అన్నారు. నన్ను ఏడిపించడానికి అంటున్నారనుకున్నాను. ఆ తర్వాత మరో రెండు పెళ్ళిళ్ళలో అడిగాను. అదే జవాబు. “ఉందని తెలుసండి. ఏంటో అక్కడికి వెళ్తే గాని తెలియదు. వెళ్ళనివ్వలేదుగా మీరు.”

మా తమ్ముడి కూతురు సుఖంగానే ఉంది. అప్పుడప్పుడు మొగుడి మీద ఫిర్యాదులు చెప్పడానికి ఫోన్ చేస్తుంది. అంతా వింటాను. పెట్టేసే ముందు, నీ పెళ్ళి కోసం నేనేం వదులుకున్నానో నీకు తెలియదే అంటాను. పులిహోర గురించి అనుకుంటుంది పిచ్చిది.