లోపలి కొలతా, బయటి కొలతా

ఇర్వింగ్‌లోని ఒక ఇండియన్ గ్రోసరీలో సమోసా కౌంటర్ దగ్గర స్మృతి రెండేళ్లు పనిచేసింది. ఆ రెండేళ్లలో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు ఎన్ని కావాలో చెప్పేవాళ్లు, ఆమె తలూపి కట్టి ఇచ్చేది. చట్నీ కావాలా అని అనాల్సిన చోట చట్నీ డబ్బా కొంచెం ముందుకు జరిపేది. అక్కర ఉన్నవాళ్లు తీసుకునేవాళ్లు. వ్యాపారమేమీ ఆగలేదు.

వైరాలో ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఉండగా వాళ్లకు గ్రీన్‌కార్డు వచ్చింది. మేనమామ పదమూడేళ్ల కిందట పెట్టిన అప్లికేషన్ అది. అందరూ దాన్ని మరిచిపోయాక ఫలించింది. తండ్రి వీరాంజనేయులు, తల్లి రత్నం, స్మృతి, ముగ్గురూ పెట్టెలు సర్దుకుని వచ్చేశారు. ఆ సర్దుళ్లలో చదువొక్కటే వెనక ఉండిపోయింది. ఇక్కడ హైస్కూలుకు సమానమైన పరీక్ష ఒకటి రాసి గట్టెక్కింది గానీ కాలేజీ గుమ్మం దాకా పోలేదు. తండ్రి ఎయిర్‌పోర్టు దగ్గర గోదాములో పనికి కుదిరాడు. తల్లి అపార్ట్‌మెంట్ హాల్లోనే మిషన్ వేసుకుని, చుట్టుపక్కల తెలుగువాళ్లకు బ్లౌజులు కుట్టడం మొదలుపెట్టింది.

ఒక వేసవిలో గ్రోసరీ పైకప్పు కింద ఏసీ గొట్టాలు మార్చడానికి నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకావిడకు యాభై ఏళ్లుంటాయి. బల్లపరుపు రేకు మీద గీతలు గీసి, కత్తిరించి, నాలుగు మడతలు వేసేసరికి ఒక కొస ఇరుగ్గా, ఇంకో కొస వెడల్పుగా ఉన్న గొట్టం లేచి నిలబడింది. స్మృతి రెండు రోజులు అదే చూసింది. ఒక వాయి సమోసాలు మాడాయి కూడా. మూడో రోజు ఆవిడే వచ్చి నాలుగు సమోసాలు కొని, వెళ్తూ వెళ్తూ రేకుపనివాళ్ల యూనియన్ ట్రైనింగ్ సెంటర్ అడ్రస్ కాగితం మీద రాసిచ్చింది. ఐదేళ్లు నేర్పుతారట, నేర్చుకున్నన్నాళ్లూ జీతం కూడా ఇస్తారట.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుని ఈ పనే ఎందుకని అడిగారు. చేస్తుంటే చూశాను, చేయాలనిపించింది అని చెప్పింది స్మృతి. అంతటితో ఆపేసింది. నోటికి రానిది లెక్కల పరీక్ష పేపరు చెప్పినట్టుంది, తీసుకున్నారు.

ఇంట్లో వీరాంజనేయులు మూతి ముడిచాడు.

“వైరాల రేకుల షెడ్లు లేవా? దానికోసం విమానమెక్కి వచ్చినమా?”

“జీతమిచ్చి నేర్పుతరంట కదా” అంది రత్నం. “నేను మిషన్ నేర్చుకున్నప్పుడు మా గురువుగారింట్ల ఆర్నెల్లు అంట్లు తోమిన.”

ఆ మాటకు ఆయన మెత్తబడ్డాడు. షరతు మాత్రం ఒకటి పెట్టాడు. పర్మనెంట్ అయ్యేదాకా బయట ఎవరికీ చెప్పొద్దు. అందుకని కొలతలకు వచ్చిన ఆంటీలు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే రత్నం ట్రైనింగ్‌లో ఉందనేది. ఏ ట్రైనింగ్ అని అడిగేలోగా చేతులు పైకెత్తమని టేపు చుట్టేది.

వారంలో ఐదు రోజులు సైటులో పని, శనివారం క్లాసు. క్లాసులో ఇరవై మంది. నేర్పేది ఎస్పినోసా అనే పెద్దాయన. నెరిసిన మీసం, మిషన్ల మోతను మించిన గొంతు. పర్మనెంట్ కావాలంటే ఆరు నెలల ప్రొబేషన్ చివర ఒక పరీక్ష గట్టెక్కాలి. ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం గొట్టం ముక్క ఒకటి చేసి, బల్లకు బిగించిన కొలత గొట్టం మూతికి అతికేలా తొడగాలి. మొదటిసారి తప్పితే ఇంకొక్కసారి అవకాశం ఉంటుంది. అదీ తప్పితే ఇంటికే. ఇంటికి అంటే స్మృతికి మళ్లీ సమోసా కౌంటరే.

మొదటిసారి ఆమె గీసిన గీతలు చూసి పక్కవాళ్లు కూడా బాగుందని తలలు ఊపారు. కత్తిరించడం కుదిరింది, మడతలు కుదిరాయి. తీరా తొడగబోతే గొట్టం వదులుగా వేలాడింది. ఎస్పినోసా టేపు పెట్టి చూశాడు. ఒక్కో వైపు అంగుళం ఎక్కువ. ఎందుకు వదిలావని అడిగాడు.

తల వంచుకుని చెప్పింది. వాళ్లమ్మ బ్లౌజులు కుడుతుంది. కుట్టు కోసం కాక, తర్వాత విప్పుకోవడానికని అంగుళం గుడ్డ లోపల వదులుతుంది. మనిషి లావైతే పనికొస్తుందని. గుడ్డలో ఆ మిగులు లోపల దాక్కుంటుంది. రేకుకు అంచునే కుట్టు పడుతుంది కాబట్టి మిగులంతా డొక్కలోకి చేరిపోయింది.

“ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను” అన్నాడు ఎస్పినోసా. “ఒక్క గొట్టమూ లావెక్కగా చూడలేదు.”

వర్క్‌షాపంతా నవ్వింది. స్మృతికి కూడా నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతో పాటు. నవ్వులు తగ్గాక ఆయన గొంతు తగ్గించాడు.

“నీ గీతలు క్లాసులో అందరికంటే శుభ్రంగా ఉన్నాయి. గీసేటప్పుడు అనుమానం రాలేదా?”

వచ్చిందని తలూపింది.

“మరి అడగలేదేం?”

స్మృతి వేలాడుతున్న గొట్టాన్ని బల్ల మీంచి తీసింది. రెండు వారాల తర్వాత శనివారం రెండో పరీక్షకు రమ్మన్నాడు.

ఆ రెండు వారాలూ హాల్లో మిషన్ పక్కన స్మృతి అట్టముక్కలు పరుచుకుని గొట్టాలు చేసింది. మొదట సీరియల్ డబ్బాలు, అవి అయిపోయాక పిజ్జా పెట్టెలు. నాలుగో రోజు వీరాంజనేయులు గోదాము నుంచి కారు డిక్కీ నిండా అట్టలు తెచ్చి గోడకు ఆనించాడు. తడవనివే ఏరుకొచ్చిన అన్నాడు, కూతురి వైపు చూడకుండా.

రత్నం కత్తెర పక్కన పెట్టి ఆమె గీతలను పరీక్షగా చూసింది. వాటిలో తప్పేమీ కనబడలేదు. కూతురి తిప్పలు చేతిలో కాదు, నోట్లో ఉన్నాయని మాత్రం తెలుసు.

“కొత్త గుడ్డ వస్తే మెడ ఎంత, చెయ్యెంత, హుక్కులు ముందా వెనకా, తెలిసినా సరే నేను మళ్లీ అడుగుత. వాళ్లు విసుక్కుంటరు. విసుక్కోనీ. గుడ్డ చింపినంక అడిగితే ఏం లాభమే?”

రెండో పరీక్షకు స్మృతితో కలిపి ఐదుగురు మిగిలారు. తలా ఒక డ్రాయింగు ఇచ్చారు. కొలతలన్నీ తేటగా ఉన్నాయి. అడుగున ఒక మూల చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. గాలి హోరు వినబడకుండా గొట్టం లోపల అంగుళం మందాన మెత్తటి పొర అంటించాలట.

మిగతా నలుగురూ అప్పుడే రేకు మీద పడ్డారు. స్మృతి గీసింది, రేకు కోసే స్నిప్స్ తెరిచింది, ఆగింది. డ్రాయింగ్‌లో ఉన్నది రేకు కొలతా, పొర అంటించాక మిగిలే ఖాళీ కొలతా? రేకు కొలతయితే గీసింది సరే. ఖాళీ కొలతయితే అటూ ఇటూ అంగుళం చొప్పున పెంచాలి. కిందటిసారి అంగుళమే కొంప ముంచింది. ఇప్పుడు పెంచితే ముప్పో, పెంచకపోతే ముప్పో తెలియడం లేదు.

చెయ్యెత్తింది. నోరు తెరిచింది. మడతల మిషన్ మోతలో ఆ గొంతు ఆమెకే వినబడలేదు. మళ్లీ ఊపిరి తీసుకుని గట్టిగా అడిగింది. సరిగ్గా అప్పుడే మిషన్ ఆగింది.

“ఈ కొలత లోపలిదా, బయటిదా?”

ఆ కేక వర్క్‌షాపు చివర పనిముట్ల గది దాకా పోయింది. అందరూ తిరిగి చూశారు. స్మృతి చెవులు వేడెక్కాయి గానీ చెయ్యి దించలేదు.

“లోపలిది” అన్నాడు ఎస్పినోసా. “పొర అంటించాక మిగలాల్సిన ఖాళీ అది.”

నాలుగు స్నిప్స్ ఒక్కసారిగా ఆగాయి. అప్పటికే సగం కత్తిరించినవాడొకడు సణుక్కుంటూ రేకు పక్కకు విసిరాడు. కొత్త రేకు కావాల్సినవాళ్లు తీసుకోవచ్చని ఎస్పినోసా పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

స్మృతి గీతలు చెరిపి, రెండంగుళాలు పెంచి మళ్లీ గీసింది. కత్తిరించి, మడిచి, పొర అంటించి, బల్ల మీది గొట్టానికి తొడిగింది. గొట్టం సన్నగా కీచుమని కూర్చుంది. ఆయన లోపల టేపు పెట్టి చూసి, పాసైనట్టు కాగితం మీద సంతకం చేశాడు.

మర్నాడు పక్క ఊరు కాపెల్ నుంచి నాగమల్లేశ్వరి అనే ఆవిడ బ్లౌజు కొలతలకు వచ్చింది. అమ్మాయి ఏం చేస్తోందని అడిగింది. రత్నం టేపు తీసేలోగా సోఫాలోంచి వీరాంజనేయులు అందుకున్నాడు.

“షీట్ మెటల్ పనండీ. యూనియన్‌ల. నిన్ననే పర్మనెంట్ అయింది. పెద్ద పెద్ద బిల్డింగులకు ఏసీ గొట్టాలు చేస్తది.”

రత్నం టేపు మెడలో వేసుకుంది.

“ఏసీ గొట్టాలా? ఇన్నాళ్లూ చెప్పరేమండీ” అంది నాగమల్లేశ్వరి. “రెండు సమ్మర్ల నుంచి మా మేడ మీద గది పొయ్యిలా ఉంటోంది. మా ఆయన పెద్ద ఆర్కిటెక్టే గానీ సాఫ్ట్‌వేర్‌కి. ఆ ఏసీ వెంట్ కింద చెయ్యి పెట్టి, గాలి వస్తోంది కదే అంటారు.”

“గాలి అసలు రావట్లేదా ఆంటీ, వస్తున్నా చల్లగా లేదా?” అంది స్మృతి.

ఆవిడ ఇటు తిరిగింది. ఈ పిల్ల మాట్లాడుతుందని ఆవిడకు తెలియదు. గాలి వస్తుంది గానీ సన్నగా అని చెప్పింది. ఆ గదికి గొట్టం అటక మీంచి వస్తుందా, ఎక్కడైనా నలిగిందా, పక్క గదిలో ఎలా ఉంటుంది అని స్మృతి ఒకటి తర్వాత ఒకటి అడిగింది. తను ముట్టుకోకూడదనీ, లైసెన్సున్నవాళ్లే చేయాలనీ, చూసి చెప్పడం మాత్రం చేయగలననీ కూడా అంది.

“చూసి చెప్పు చాలు. అటకెక్కాలేమో మరి, చీకటిగా ఉంటుందమ్మా” అంది నాగమల్లేశ్వరి.

వీరాంజనేయులు టార్చిలైటు వెతకడానికి సోఫాలోంచి లేచాడు.