కొలంబో లైన్లో మౌనం

వినకూడదంట! ఆపరేటర్లు జనం మాటలు చెవొగ్గి వింటారని మమ్మల్ని తిడతారు గానీ, వినకపోతే లైను నిలబడిందో పడిపోయిందో ఎలా తెలుస్తుంది? వినడమే నా ఉద్యోగం. ఆ రోజు నేను చేసిన తప్పు వినడం కాదు. విన్నది చాలనుకోవడం.

1978. తిరుపతి ట్రంక్ ఎక్స్ఛేంజిలో నాకది మొదటి ఏడాది. మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని, ఇరవై రెండేళ్లు, ముక్కు మీద కోపం. డ్యూటీ ఎక్కితే దిగేదాకా చెవికి ఫోనూ, చేతిలో కార్డూ. కార్డ్ అంటే రెండు వైపుల వాళ్లనీ బోర్డు మీద కలిపే తీగ. కొలంబోకి మద్రాసు మీదుగా దారి. అదీ మధ్యాహ్నం కొంతసేపే దొరికేది.

ఆ మధ్యాహ్నం ఒక లాడ్జి మేనేజరు పిలిచాడు.

"పాపా, ఈడ సింహళాయన ఒకాయన దిగినాడు. ఆ దేశంలో పెద్ద యాక్టరంట. ఈయన సచ్చిపోయినాడని వాళ్లూర్లో పుకారు లేసిందంట. గుండు కొట్టించుకోని నా ముందరే నిలబడుండాడు. కొంచెం తొందరగా లైనియ్యి తల్లీ."

ఆ యాక్టరే ఫోన్ అందుకున్నాడు. మద్రాసు స్టూడియోల్లో నేర్చిన అరవంలో నెమ్మదిగా చెప్పాడు. "ముప్పై ఏళ్లుగా నాటకాలూ, సినిమాలూ. ఎన్ని వేషాలు కట్టానో నాకే గుర్తులేదు. చాలాసార్లు చచ్చానమ్మా. ఈమధ్య మద్రాసు షూటింగులో శవపేటికలో పడుకుంటే ఎవరో ఫొటో తీశారు. అది మా ఊరు చేరింది. రేపు నాకు ఏడో రోజు. భిక్షువులకు దానం పెడతారు. అది జరిగిపోతే నా భార్యకు నేనిక లేనట్టే. ఈలోపే మాట్లాడాలి."

ఆయన బుక్ చేసింది పీపీ కాల్. పేరు చెప్పిన మనిషే లైన్లోకి వచ్చారని ఆపరేటరు తేల్చుకున్నాకే ఆ కాల్ మొదలైనట్టు. వాళ్లింట్లో ఫోన్ లేదు. ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి భార్య నందావతిని పిలిపించారు. కొలంబో ఆపరేటరు సెల్వి తమిళ పిల్ల. నాకు సింహళం రాదు కాబట్టి వాళ్లిద్దరి మాటలూ తనే గుసగుసగా చెప్పింది.

ఆయన రెండు మాటలన్నాడు. ఆమె ఒక్కటే అంది.

"'ఆయన గొంతు తొడుక్కొచ్చావు, ఎవరు నువ్వు?' అంటోంది," అంది సెల్వి.

ఆయన ఒక రాజు గొంతులో పలికాడు. ఆమె ఒప్పుకోలేదు. ఒక ముసలామె గొంతు వచ్చింది. తర్వాత చిన్నపిల్లాడి ఏడుపు. బోర్డు మీద వెలుగుతున్నది ఒక్క లాంపే. ఆ ఒక్క తీగలో నలుగురు మనుషులు! ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే: అది ఆయన శిష్యులు కూడా చేస్తారు.

చివరికి ఆమె ఏదో అంది. సెల్వి అదేంటో చెప్పేలోపే ఆయన ఆగిపోయాడు. ఇక చప్పుడు లేదు. తీగలో సన్నగా ఊపిరిలాంటిది మాత్రం.

"మాట్లాడుతున్నారా?" అన్నాను. జవాబు లేదు. మూడుసార్లు అడగాలని రూలు. నేను ఒక్కసారే అడిగాను. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. కార్డ్ పీకేశాను.

నిమిషంలో సెల్వి అరుస్తూ లైన్లోకి వచ్చింది. "ఎందుకు తెంపావు? 'వేషాలు చాలు, మనింట్లో ఎలా ఉంటావో అలా ఉండు' అందామె. ఆయన ఇంట్లో నోరు విప్పడట. ఆమె వింటోంది! 'ఊరకుండమంటే మాయమైంది, దెయ్యమే' అని ఇప్పుడు వెళ్లిపోయింది."

ఫొటో సగం చంపిన మనిషిని నేను పూర్తిగా చంపేశాను.

"మళ్లీ పిలిపించు సెల్వీ. ఎవరూ మాట్లాడరని చెప్పు. ఊరికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు అను." షాపతను రెండుసార్లు వెళ్లి బతిమాలాడు. ఈలోగా ఇటు లాడ్జిలో ఆయనకు చెప్పాను. "అయ్యా, తప్పు నాది. ఈసారి మీరు నోరు తెరవకండి."

"ఇంత కష్టమైన వేషం నాకెవరూ ఇవ్వలేదమ్మా," అన్నాడాయన.

దారి మూసుకునే వేళకు ఆమె వచ్చింది. కలిపాను. నిశ్శబ్దం. మా మానిటరు, అంటే మా మీద అజమాయిషీ చేసే చెంగల్రాయులు గారు, వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏం పాపా, మూగోళ్లకు లైనిచ్చినావా? చిత్తూరు కాల్సు కాసుకోనుండాయి. పీకు."

"పీకను సార్."

"నీ పొగరు మద్రాసులో సూపించుకో. పీకమంటా ఉండా!"

కార్డ్ మీద అరచెయ్యి కప్పేశాను. సముద్రానికి అటొకరు, ఇటొకరు. రెండు ఊపిర్లు వినిపిస్తున్నాయి. కాసేపటికి ఏది ఎవరిదో తెలియలేదు. ఒకటే ఊపిరి, రెండు ఊళ్లలో. నేను చెయ్యి తియ్యలేదు.

అప్పుడు ఆమె ఒక్క మాట అంది.

సెల్వి చెప్పింది. "'తిన్నావా?' అంటోంది."

"ఇంకా లేదు," అన్నాడాయన, ఏ వేషానిదీ కాని గొంతుతో.

మర్నాడు నాకు మెమో వచ్చింది: సంభాషణ లేకుండా లైను పట్టుకుని కూర్చున్నానట. సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి మూడుసార్లు అడగందే కార్డ్ ముట్టుకోను. అడిగాక కూడా కాసేపు వింటాను. మాట వినబడకపోతే సంభాషణ లేనట్టేనని రూలు రాసినవాళ్లూ, మెమో ఇచ్చినవాళ్లూ అంటారు. ఆ మధ్యాహ్నం నా సీట్లో కూర్చుని ఉంటే, మీరూ అదే అనగలిగేవారా?