గుట్ట మీది ఉక్కు తాడు

మా అన్న కుడికాలు మోకాలి దాకా తీసేసి ఆస్పత్రి నుంచి పంపించిన ఏడాదే నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాను. మాది గోదావరి అడవుల అంచున వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఊళ్లో ఇక అన్న చేయగల పని లేదు గనుక అమ్మ అతన్ని వెంటబెట్టుకుని, తార్నాకలో నేను అద్దెకుంటున్న రెండు గదుల్లోకి వచ్చేసింది.

అన్న ఒక కలప కంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. ఆ గుట్టలు నిటారుగా ఉంటాయి. బండ్లు ఎక్కవు, ఎడ్లు నిలవవు. అందుకని కొట్టిన టేకు దుంగల్ని పైనుంచి కిందికి దొర్లించేవారు. ఒకరోజు ఒక దుంగ సగంలో బండకు తట్టుకుని ఆగింది. దాన్ని కదిలించడానికి అన్న గడ్డపార తీసుకుని దిగాడు. అతను పక్కకు తప్పుకోకముందే, కింద లారీ ఎదురుచూస్తోందని, పైనున్న కంట్రాక్టరు రుమాలు ఊపాడు. పైవాళ్లు రెండో దుంగ వదిలారు.

నా కక్ష ఒక్క కాలు గురించే కాదు. విచారణకు వచ్చిన అధికారులతో ఆ మనిషి, తాను ఆరోజు గుట్ట మీదే లేనని, మా అన్న తాగి దుంగకు అడ్డం పోయాడని చెప్పాడు. అన్న కల్లు కూడా ముట్టడు. కూలీలంతా అక్కడే నిలబడి విన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మాట మా ఊరిదాకా వచ్చింది. కాలు పోయినా పిల్లనిస్తామన్నవాళ్లు తాగుబోతు అనగానే సంబంధం వద్దనుకున్నారు.

దేవుడు చూసుకుంటాడంది అమ్మ. అంతవరకూ ఆగే ఓపిక నాకు లేదు.

ఆ కంట్రాక్టరు బలమంతా ఒక్కటే. ఆ గుట్టల నుంచి కలప దించడం తనకు తప్ప ఎవరికీ చేతకాదని అధికారుల్ని నమ్మించాడు. క్యాంపస్ లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక తిరగేస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. కొండ కొస నుంచి లోయ దాకా ఉక్కు తాడు కట్టి ఉంది. దాని మీద కప్పీల బండి, ఆ బండికి వేలాడుతూ దుంగ. కింద మనిషన్నవాడు లేడు. నేను ఆ బొమ్మను కాగితం మీదికి దించుకుని ఇంటికి తెచ్చి అన్నకు చూపించాను.

అన్న చాలాసేపు చూశాడు. "గిట్లయితే దుంగ కింద ఎవ్వరు నిలవడేది లేదు గద చెల్లె," అన్నాడు.

ఇంజనీరింగ్ కాలేజీలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక లెక్చరరు ఉండేవారు. ఆయన్ని కలిసి నమూనా కట్టడానికి సాయం అడిగాను.

"పరీక్షలు దగ్గరకొస్తుంటే నీకెందుకమ్మా ఇదంతా?" అన్నారు.

"మా అన్న కాలు తీసినాయన్ని ఆ గుట్టల మీంచి దింపాలె సార్."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "శనివారాలు వర్క్‌షాపు ఖాళీగానే ఉంటుంది. రా," అన్నారు.

క్యాంపస్‌లో బండరాళ్లకు కొదవా? ఒక ఎత్తైన గుండుకు తాడు ఒక కొస కట్టి, రెండో కొస దిగువన పాతిన గుంజకు బిగించాం. మొదటిసారి ముచ్చటగా కనిపించాలని తాడును తీగలా లాగి కట్టాను. బరువు పడగానే గుంజ ఊడి వచ్చింది. తాడు ఎంత బిగిస్తే కొసల మీద లాగుడు అంత పెరుగుతుంది. నడుమ కొంత వేలాడనివ్వాలి. క్లాసులో చదివిన లెక్కే, గుంజ ఊడాక గాని బుర్రకెక్కలేదు. ఆ తర్వాత తాడు నిలిచింది.

అటవీ అధికారుల్ని పిలుస్తానన్నారు లెక్చరరు.

"ఆ కంట్రాక్టరును కూడా పిలవండి సార్. అనుభవం ఉన్న మనిషి," అన్నాను.

అతను తెల్లటి బట్టల్లో వచ్చాడు. అన్న చంకకర్రల మీద చెట్టు కింద నిలబడి ఉంటే చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. దుంగ గుండు మీంచి లేచి, గాలిలో నెమ్మదిగా జారుతూ వచ్చి, అనుకున్న చోట దిగింది. అధికారులు దగ్గరికెళ్లి కప్పీలు పట్టుకుని చూశారు. అది అతనికి నచ్చలేదు.

"గిది ఆటబొమ్మ సాబ్. అడివంటె క్యాంపస్ గుండ్లా?"

నేను మెత్తగా అడిగాను. "మీ పద్ధతిల ఎవరు పడితె వాళ్లు దుంగ వదిలితె ప్రమాదం గాదా?"

"ఎవరు పడితె వాళ్లెట్ల వదుల్తరమ్మా? నేను పైన నిలవడి రుమాలు ఊపాలె. ఊపకుంటె ఒక్క దుంగ కదలది. పదేండ్ల సంది అట్లనే నడుస్తున్నది."

"ఎప్పుడన్న మీరు లేకుంట పని నడిచిందా?"

"సవాలే లేదు. నేను లేకుంటె పనే బంద్."

"మరి ఆ చెట్టు కింద నిలవడ్డాయన కాలు తీసిన దుంగకు రుమాలు ఎవరు ఊపిన్రు?"

అతను అప్పుడు చెట్టు వైపు చూశాడు. విచారణ చేసిన పెద్ద అధికారి అక్కడే ఉన్నాడు. "నువ్వు ఆరోజు లేనని చెప్పావు కదయ్యా," అన్నాడు. ఆ నిమిషం నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తే.

మరుసటి సీజనులో ఆ గుట్టలకు అటవీ శాఖవాళ్లే తాడు వేశారు. కంట్రాక్టరుకు మైదానం కలప మాత్రం మిగిలింది, అదీ నిలుస్తుందో లేదో అనుమానమే. అప్పుడు తార్నాకలో మా గది వెతుక్కుంటూ వచ్చాడు. అమ్మ చాప వేసింది. అన్న చాయ్ పెట్టమన్నాడు.

"జర సాబ్‌లకు చెప్పున్రి. మాఫ్ చేసినమని ఒక్క మాట," అన్నాడు అన్నతో.

అన్న సరేనంటాడని తెలుసు. అందుకే నేను ముందు మాట్లాడాను. "మా ఊరి కూలీలు లారీల మీద అంబర్‌పేట్ కలప డిపోకు వస్తరు గద. వాళ్ల ముంగట చెప్పు, మా అన్న తాగలేదని. తర్వాత చూద్దాం."

అన్నను వెంటబెట్టుకుని నేనూ డిపోకు వెళ్లాను. కూలీలు దిగిన లారీ దగ్గర నిలబడి అతను చెప్పాడు. గొణిగాడు. "ఆయన తాగలేదు. రుమాలు ఊపింది నేనే."

కూలీలు నేల చూపులు చూశారు. అన్న నా చెయ్యి పట్టుకుని లాగాడు. "చాలు చెల్లె. పోదాం పా."

"వెనకోళ్లకు వినవడలే," అన్నాను. "మళ్ల చెప్పు."

అతను గొంతు పెంచి మళ్లీ చెప్పాడు.