తొమ్మిది అడుగుల సాక్ష్యం

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ముందు చెప్పేస్తాను. ఆ సాయంత్రం బైనాక్యులర్స్ నా చేతిలోనే ఉన్నాయి. మంచులో కదిలిన ఆ ఆకారం అడుగున ఎర్రచీర అంచు కనిపించింది నాకు. లాగ్‌బుక్‌లో మాత్రం ‘గుర్తు తెలియని జంతువు’ అని రాశాను. అమ్మకి చెప్పలేదు. నాతో శిక్షణ పొందిన స్నేహితురాళ్ళకి చెప్పలేదు. నా డైరీకి తెలుసు, అంతే.

తొంభైల చివర, జూలై మూడో వారంలో, అరకు కొండల మీద సైన్యం తాత్కాలికంగా పెట్టిన రేడియో పోస్టుకి చేరాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. సిగ్నల్స్‌లో లెఫ్టినెంటుని. అరకు నుంచి హుకుంపేట వెళ్ళే రోడ్డు వదిలాక జీపు కాఫీ తోటల మధ్య నలభై నిమిషాలు ఎక్కింది. చివరి కిలోమీటరు నడక. వీపు మీద పద్దెనిమిది కిలోలు. బట్టలు, వానకి కప్పుకునే పోంచో, రెండు బ్యాటరీలు, అన్నిటికీ అడుగున పాత పేపర్లో చుట్టిన నాలుగు నవలలు. నవలల సంగతి అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి కెప్టెన్ ముందు నిలబడి సెల్యూట్ చేశాను. ఆయన ఉత్తరాది మనిషి. నా బూట్ల మీద బురద చూసి, “ఇక్కడ ఇది పోదు, అలవాటు చేసుకో” అన్నారు.

నాలుగు టెంట్లు, ఒక జనరేటరు, రేడియో మాస్టు, ఇసుక బస్తాలు పేర్చిన సెంట్రీ పోస్టు. పద్నాలుగు మంది మగవాళ్ళు, నేను. తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. నేను, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన హవల్దార్. ఆయనది పదిహేడేళ్ళ సర్వీసు. మంచివాడు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ మంచివాడే.

పోస్టుకి ఉత్తరాన నేల దిగి, వాగు దగ్గర ఆగి, అవతల మళ్ళీ పైకి లేస్తుంది. అవతలి వాలులో మా వాళ్ళు ఒక పెద్ద రాయి పాతి సున్నం కొట్టారు. సరిగ్గా రెండు వందల మీటర్లు. సెంట్రీకి దూరం తెలియడానికి అదే కొలత. రాయి పక్కన కనబడింది రెండు వందల మీటర్ల దూరంలో ఉన్నట్టు. నేను రాకముందే, ఎండాకాలంలో కొలిచి పెట్టారు. తర్వాత వానలు మొదలయ్యాయి. నేను వెళ్ళాక పదకొండు రోజులు ఎండ చూడలేదు. వాన లేకపోతే మంచు, మంచు లేకపోతే వాన. మంచులో ఉత్తరం వైపు ఒక్కోసారి ఆ తెల్లరాయి ఒక్కటే కనిపించేది. కింద నేల ఉండదు, పైన కొండ ఉండదు.

గురుబారిని మొదటి రోజే చూశాను. నలభై అయిదేళ్ళ మనిషి, పొట్టి. వాగు పక్కన వరిమడి ఆమెదే. వంటవాడికి పనసకాయ తెచ్చి ఇచ్చి, వంటశాల ముందు నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

“ఈ గుంటేటి, ఈలతో ఒచ్చినాది? వంటకా?”

గుంట అంటే అక్కడ ఆడపిల్ల. హవల్దార్ నవ్వాడు. “వంటకి కాదే. ఆవిడ మా ఆపీసరు. సెల్యూట్ కొట్టు.”

“సెల్యూటు తరవాత కొడతాను గాని, తిన్నాదా ఆపీసరు? ఎముకలే ఉన్నాయి.”

ఆమె వీపున గిడుగు ఉంది. వెదురుబద్దల మీద అడ్డాకులు పరిచి కుట్టిన గొడుగు అది. చేత్తో పట్టుకునేది కాదు. తల మీంచి నడుం కిందిదాకా వీపంతా కప్పుతుంది. వంగి నాట్లు వేస్తుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వెనక నుంచి చూస్తే తల కనబడదు. తాబేలు రెండు కాళ్ళ మీద లేచినట్టు ఉంటుంది.

పన్నెండో రోజు. సాయంత్రం అయిదు నలభై. సెంట్రీలో ఉన్న జవాను అరిచాడు. హవల్దార్ పరుగెత్తాడు. గరిటె చేత్తోనే వంటవాడు వచ్చాడు. నేను బైనాక్యులర్స్ తీసుకుని వెళ్ళాను. తెల్లరాయి పక్కన ఏదో నిలబడి ఉంది. వెడల్పాటి వీపు, తల లేదు. పక్కకి నాలుగడుగులు వేసింది, వంగింది, లేచింది. మంచు మూసేసింది. అంతా కలిపి అరనిమిషం.

“మేడమ్, సూసారా?” అన్నాడు హవల్దార్.

“చూశాను.”

“రాయి పక్కనే కదా? అంత దూరాన అంత కనబడిందంటే తొమ్మిదడుగులకి తగ్గదు.”

“ఎలుగుబంటేమో?” అన్నాను.

“ఎలుగా? నేను ఎలుగుని సూణ్ణేదా మేడమ్? ఇది మనిసిలా నడిసింది.”

అయిదు నిమిషాల్లో దానికి గోళ్ళు వచ్చాయి. పది నిమిషాల్లో వాసన వచ్చింది. “మన పప్పు వాసనకి వచ్చుంటుంది,” అన్నాడు జవాను హిందీలో. “దానికీ ముక్కుంటుంది కదా, రాదు,” అన్నాడు వంటవాడు. అందరూ నవ్వారు. అది భయంతో నవ్వే నవ్వు. ఎర్ర అంచు సంగతి నోటిదాకా వచ్చింది. ఎర్రమట్టి అయి ఉండొచ్చు కదా అనుకున్నాను. ముగ్గురు మగవాళ్ళు ఒకమాట అనేశాక, వాళ్ళ మధ్య చిన్నదాన్ని నేను ఇంకోమాట అనడం నాకు అలవాటు లేదు.

ఆరు గంటలకి హెడ్‌క్వార్టర్స్‌తో మాట్లాడటానికి రేడియో నేనే పట్టాను.

“మళ్ళీ చెప్పు. ఎన్ని అడుగులు? ఓవర్.”

“తొమ్మిది. ఓవర్.”

“మీ వాళ్ళు తాగి ఉన్నారా? ఓవర్.”

“లేదు. ముగ్గురు చూశారు. ఓవర్.”

“అధికారులెవరైనా? ఓవర్.”

బటన్ నొక్కాను. వాన టెంటు మీద పడుతోంది.

“నేనూ చూశాను. ఓవర్.”

అవతల నవ్వు ఆగిపోయింది. రాతపూర్వకంగా పంపమన్నారు.

వాంగ్మూలాలు మూడూ నా చేతిరాతే. హవల్దార్ చెప్పాడు, నేను రాశాను. జవాను చెప్పబోతే హవల్దార్ సరిదిద్దాడు. వంటవాడి వంతు వచ్చేసరికి, “అదే రాసేయండి మేడమ్” అన్నాడు. రాసేశాను. ముగ్గురూ సంతకాలు పెట్టారు. తర్వాత ఎంతోమంది ఆ కాగితాల గురించి గొప్పగా మాట్లాడుకున్నారు. మూడు వాంగ్మూలాలు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయట! సరిపోక ఏమవుతాయి?

మర్నాడు ఉదయం ఏడుంబావుకి మంచు కొంచెం తెరిపిచ్చింది. నిద్రపట్టక లేచి, ఎవరికీ చెప్పకుండా ఉత్తరం వైపు దిగాను. సెంట్రీ బస్తాల నుంచి అంగలు లెక్కపెట్టాను. రెండు వందల మీటర్లకి నా అంగలు రెండు వందల అరవై పైన రావాలి. నూట ఇరవై దగ్గర రాయి చేతికి తగిలింది. తొంభై మీటర్లు. అది అవతలి వాలులో లేదు. వాగు దాటగానే వరిమడి గట్టులో ఉంది.

గురుబారి మోకాళ్ళలోతు బురదలో ఉంది. ఎర్రచీర.

“ఏటమ్మా, కొలుత్తన్నావు?”

“ఈ రాయి పైన ఉండాలి కదా?”

“ఉండేది. మీవోలు తెచ్చి మా నీటికాలవ మూతిలో పాతేసినారు. నీల్లు దిగితే కదా! నానూ మా మరిదీ దొల్లించి ఈ గట్టుకేసినాం. గట్టు తెగిపోతంది మరి. తప్పా?”

“నిన్న సాయంత్రం ఇక్కడున్నావా?”

“ఎక్కడుంతాను? పీకిన నారు ఆ పొద్దే నాటాల. మీవోడెవుడో కేకలేసినాడు. దొంగోడేమో అనుకున్నాను.”

తొంభై మీటర్ల దూరంలో, గిడుగు కింద వంగిన నాలుగడుగుల మనిషి. దాన్ని రెండు వందల మీటర్ల దూరంలో పెట్టి చూస్తే తొమ్మిదడుగులు. లెక్క డైరీలో వేశాను. సరిగ్గా వచ్చింది. హవల్దార్ అబద్ధం ఆడలేదు. పదిహేడేళ్ళలో నేర్చుకున్నదంతా సక్రమంగా వాడాడు. రాయి మాత్రం జరిగిపోయింది.

నేను చెప్పే అవసరం లేకుండానే ఆమె వచ్చింది. పదిన్నరకి, గిడుగు వేసుకుని. ఊళ్ళో జంతువు మాట అప్పటికే పాకింది. కెప్టెన్ ముందు నిలబడి, “అది నానే బాబూ,” అంది. వంగి, పక్కకి నాలుగడుగులు వేసి చూపించింది. జవాన్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

“ఇదా?” అన్నాడు హవల్దార్. “ఇది నా బొడ్డుకొస్తాది. నేను సూసిన దానికి దీన్ని రెండు పేర్సినా సరిపోదు.”

కెప్టెన్ నవ్వలేదు. నన్ను తర్జుమా చేయమన్నారు. చేశాను. విని, హిందీలో అన్నారు: “పదిహేడేళ్ళ సైనికుడు ఒకటి చెప్తున్నాడు. ఈమె ఇంకొకటి చెప్తోంది. కాగితాలు పైకి వెళ్ళిపోయాయి. నా వాళ్ళు నాట్లేసే ఆడమనిషిని చూసి బెదిరారని రాయాలంటే నాకు గట్టి ఆధారం కావాలి. నువ్వేం చూశావు, లెఫ్టినెంట్?”

డైరీ నా చొక్కా జేబులో ఉంది. నూట ఇరవై అంగలు అని రాసి ఉంది. గురుబారికి హిందీ రాదు. నా మొహం చూస్తోంది. ఆమె మొహంలో కంగారేమీ లేదు. ఈ గుంట పొద్దున్నే వచ్చి కొలిచింది, చెప్తుంది అన్న ధీమా.

“స్పష్టంగా కనిపించలేదు సర్,” అన్నాను.

ఆదేశాలు మధ్యాహ్నానికి వచ్చాయి. నాలుగు గంటల తర్వాత ఉత్తరం వాలులో ఎవరూ తిరగకూడదు. జంతువు రెండు వందల మీటర్ల లోపలికి, అంటే తెల్లరాయి దాకా వస్తే ఒకసారి హెచ్చరించాలి, ఆగకపోతే కాల్చాలి. ఊళ్ళో ఈ మాట చెప్పే పని నాదే. తెలుగు వచ్చు కదా.

“నాలుగు దాటితే ఏటౌతాది?” అంది గురుబారి.

“జంతువు తిరుగుతోందట.”

“ఆ జంతువు నానేనని సెప్పినాను కదమ్మా!” అని గట్టిగా నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేను తల దించుకుని పోస్టుకి ఎక్కాను. ఆమె భయపడుతుందని ఎలా అనుకున్నాం? తనకి తాను భయపడాలా?

ఆ తర్వాత తొమ్మిది రోజులు. ప్రతి రోజూ రేపు చెప్తాను అనుకున్నాను. డైరీలో తొమ్మిది పేజీల్లోనూ ఆ వాక్యం ఉంది. మూడు నవలలు చదివేశాను. సిగ్గు అని ఇంట్లో అందరూ ముద్దుగా చెప్పుకునే నా గుణం ఎంత నీచంగా ఉండగలదో ఆ తొమ్మిది పేజీలు చదివితే తెలుస్తుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగు యాభై. వాన. సెంట్రీలో జవాను మారాడు. వారం కిందటే వచ్చినవాడు, తొమ్మిదడుగుల కథ వింటూ వచ్చినవాడు. ఒకసారి అరిచాడు, హిందీలో. గిడుగు మీద వాన పడుతుంటే లోపల ఉన్నవాళ్ళకి ఏ మాటా వినపడదు. తర్వాత నేను వేసుకుని చూశాను, అందుకే తెలుసు. ఒక్క తూటా. కుడి మోకాలు.

జీపు ఉన్న చోటికి నలుగురు పోంచోలో మోశారు. ముందు పట్టుకుంది హవల్దార్. దారంతా “అమ్మా, అమ్మా” అంటూనే ఉన్నాడు. ఆడమనిషిని కాబట్టి వెనక నన్ను కూర్చోబెట్టారు. ఘాట్ దిగి ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు పట్టింది.

మర్నాటి నివేదిక నేను రాయలేదు, కానీ చదివాను. ‘జంతువు తప్పించుకుంది. ఆ ప్రాంతంలో నిషేధ సమయంలో తిరుగుతున్న స్థానికురాలికి పొరపాటున గాయమైంది.’ చూశారా? ఆమె కాలు పోయినా జంతువు పోలేదు. గురుబారి బతికిందనీ, ఆ కాలు ఇక వంగదనీ ఆసుపత్రి నర్సు చెప్పింది. మోకాలు వంగకపోతే నాట్లు వేయలేరు.

అక్టోబరులో మాస్టు దించేశాం. రాయి ఆ గట్టులోనే ఉంది. నా అయిదేళ్ళ సర్వీసు అయ్యాక ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. ఎక్కువ మాట్లాడక్కర్లేని పని.

మొన్న ఒక పత్రిక మనిషి ఇంటికి వచ్చాడు. అరకు కొండల వింతజంతువు మీద ప్రత్యేక వ్యాసమట. ఆ కాగితాల నకళ్ళు ఎక్కడో సంపాదించాడు. “ముగ్గురు సైనికులు, ఒక అధికారి! మామూలు జనం చెప్తే కొట్టిపారేయొచ్చు. సైనికులు ఎందుకు అబద్ధమాడతారు మేడమ్?” అన్నాడు, కాఫీ తాగుతూ, కళ్ళు మెరిపిస్తూ. మా అమ్మ గుమ్మంలో నిలబడి గర్వంగా వింటోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ఇంటికి వచ్చిన మనిషిని బయటికి పొమ్మన్నాను. ఆయన మీద కోపం కాదు, నా మీద కోపం అని తర్వాత అనుకున్నాను. కాదు, ఆయన మీద కూడా. ఇలాంటి కథలు నమ్మడానికి యూనిఫారం చాలు అనుకునే మీ అందరి మీద కూడా. యూనిఫారం కళ్ళకి వేసుకోరు. తడిసి, నిద్రలేక, వారం రోజులుగా ఒకే కథ వింటున్న మనిషి కళ్ళే అవి కూడా. అబద్ధం ఆడతాడా అని అడగకండి. దేని పక్కన పెట్టి కొలిచాడని అడగండి. ఆ రాయిని మర్నాడు ఎవరైనా వెళ్ళి చూశారా అని అడగండి. వాంగ్మూలాలు ఎవరు రాశారని అడగండి. ముఖ్యంగా, అది నేనే అని వచ్చి చెప్పిన మనిషి ఎవరైనా ఉన్నారా, ఆ మనిషిని చూసి ఎంతమంది నవ్వారు అని అడగండి. ఆ కొండల్లో ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిసిన సాక్షి ఒక్కతే. ఆమె మాట ఏ కాగితంలోనూ లేదు. తర్జుమా చేసిన నేను దాన్ని రాయలేదు.

ఎన్ని పుస్తకాలు చదివినా కళ్ళ ముందు నుంచి పోనిది ఒకటుంది. ఆ జీపు. గురుబారి తల నా ఒళ్ళో ఉంది. వాన లోపలికి కొడుతోందని ఆమె గిడుగునే పైన అడ్డం పెట్టాను. తూటా కాలికి తగిలే ముందు దాని అంచులోంచి పోయింది. అడ్డాకుల మధ్య గుండ్రటి కన్నం. మలుపు తిరిగినప్పుడల్లా ఆ కన్నంలోంచి నీళ్ళు ధారగా నా బూటు మీద పడుతున్నాయి. కాలు తీయలేదు.

చాలాసేపు మూలిగి, ఆసుపత్రి దీపాలు కనబడ్డాక కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. తిట్టలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

“నువ్వు కొలిసినావు కదమ్మా. మరి సెప్పనేదేటి?”