అన్ని మిషన్లకూ ఒకటే గొంతు

ఆఫీసులో మా బావను ‘ఉల్టా సారు’ అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా నవ్వేస్తాడు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆయన్ని ఏడిపించే హక్కు మరదలిగా నాకుంది గానీ వీళ్ళెవరు?

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా కంపెనీ మాట పోయినవాళ్ళకు మాట్లాడే పెట్టెలు చేస్తుంది. వాళ్ళు టైపు చేస్తే పెట్టె పైకి చదువుతుంది. కొత్త పెట్టెల్లో ఒక రకం చిప్పు, పాతవాటిలో ఇంకో రకం. కొత్తది అంకెల్ని ఒక చివర నుంచి చదివితే పాతది అవతలి చివర నుంచి చదువుతుంది. అందుకని ఏ ప్రోగ్రామునైనా రెండింటికీ విడివిడిగా బిల్డ్ చేయాలి, అంటే ఆ చిప్పుకు అర్థమయ్యేలా తయారుచేయాలి. ఆ ఉల్టా బిల్డుల పెత్తనమంతా బావదే, అందుకే ఆ పేరు. కొత్త రకానికి బిల్డ్ చేసే మిషన్లు బోలెడున్నాయి. పాత రకానికి మిగిలింది ఒక్కటే, మెట్ల కింద గదిలో ఉంటుంది. నత్తలా నడుస్తుంది, వేడెక్కితే మొరాయిస్తుంది. బావ దానికి ఇంటి నుంచి ఫ్యాను తెచ్చిపెట్టాడు. “మా అక్కకు కూడా ఇంత మర్యాద జరుగుతోందా బావా?” అని నేను ఎద్దేవా చేసేదాన్ని.

నిజానికి ఆ మర్యాద అక్క కోసమే. అక్కకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టర్లు చెప్పగానే బావ ఆమెను కూర్చోబెట్టి, నోరు నొప్పెట్టేదాకా మాట్లాడించి రికార్డు చేశాడు. ఆ గొంతునే ఆమె పెట్టెలో పెట్టాడు. అక్కది పాత పెట్టె. కొత్తదానికి మీటలుండవు, అద్దం మీద తడుముకోవాలి, నాకొద్దు పొమ్మంది.

ఇక మా అమ్మ. అక్క ఈయన్ని చేసుకుంటానన్న రోజున, “ఇక నీ గొంతు నాకు వినిపించకు, పో” అంది. అక్క వెళ్ళిపోయింది. ఆవిడది మహా మంకుపట్టు, అన్న మాట మీదే నిలబడింది. ఆపరేషన్ సంగతి చెప్పినా గోడవైపు తిరిగి పడుకుంది. కన్నతల్లి కాబట్టి ఊరుకున్నాను గానీ ఇంకెవరైనా అయితే ఆ రోజే దులిపేసేదాన్ని.

ఆ అమ్మే ఈ మధ్య ఆస్పత్రిలో పడింది. ఇక ఇంటికి రాదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నేను సెలవు పెట్టి అమ్మ ఉండే ఊరికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఒక సాయంత్రం అమ్మ తనంతట తనే అక్క సంగతి కదిపింది.

“దాని పెట్టె మాట్లాడుతుందటగా. దాని గొంతేనా?”

“అచ్చం అక్క గొంతే అమ్మా.”

“రేపు పొద్దున ఫోన్లో వినిపించు. దానిదే అయితే రమ్మంటా.”

ఆ సంగతి చెప్పగానే, బావ ఫోన్లోనే చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. “అత్తయ్య రేపు వింటారా? రేపటికి ఇంకా తియ్యగా ఉంటుంది చూడు! గొంతులన్నీ బాగుచేసి పెట్టెలకు కొత్త ప్యాకేజీ రాత్రికే పంపిస్తున్నా, మీ అక్కదీ అందులోనే” అన్నాడు. ఆయన ఇంకేదో చెప్పబోతుంటే నర్సు పిలిచింది, నేను ఫోను పెట్టేశాను.

ఆయన చెప్పబోయింది ఇదట. మా పైఅధికారి ఒకడున్నాడు, గడియారం సారు. మాట్లాడుతున్నంతసేపూ మన మొహం చూడడు, చేతి గడియారం చూస్తాడు. “మీ ముసలి మిషను వల్ల ప్రతివారం విడుదల ఆగిపోతోందండీ. ఈసారి తెల్లారేసరికి పూర్తికాకపోతే దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా” అన్నాడు. ఆ మిషనుకు ఎక్కువ సేపు పట్టేది గొంతులకే. బొమ్మలు, సహాయం పేజీల్లాంటివి ఏ చిప్పుకైనా ఒక్కటే కాబట్టి వాటిని ‘అన్ని మిషన్లకూ’ అన్న గుర్తు పెట్టి ఒక్కసారే బిల్డ్ చేసి అందరికీ పంపుతారు. బావ గొంతులకూ అదే గుర్తు పెట్టాడు. గొంతంటే ఉత్త శబ్దమే కదా, ప్రోగ్రాము కాదు కదా అనుకున్నాడట. శబ్దమైనా లోపలంతా అంకెలే, పాత పెట్టె వాటిని తిరగేసి చదువుతుంది. ఉల్టా సారుకే ఉల్టా సంగతి తట్టలేదు! కొత్త మిషను మీద చిటికెలో అయిపోయింది. తెల్లారకముందే అన్ని పెట్టెలకూ చేరిపోయింది. గడియారం సారు భుజం తట్టాడు, ఈయన పొంగిపోయాడు.

పంపేముందు పాత పెట్టె మీద వేసి చూడాల్సింది టెస్టర్నైన నేను. నేను సెలవులో ఉన్నాను. తప్పు నాదని ఎవరైనా అంటే పళ్ళు రాలగొడతాను.

పొద్దున్నే అమ్మ తల దువ్వించుకుంది. అక్కకు ఫోను కలిపి అమ్మ చెవి దగ్గర పెట్టాను. అవతల అక్క టైపు చేస్తున్న మీటల చప్పుడు వినిపించింది. తర్వాత ఇనుప రేకును రాతి మీద గీకినట్టు ఒక మోత. అమ్మ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది. మళ్ళీ చెవి దగ్గర పెట్టాను, మళ్ళీ అదే. ఎలాగైనా పలికిద్దామని అక్క ఆపకుండా టైపు చేస్తూనే ఉంది పిచ్చిది, అది ఇంకా ఇంకా గీకుతూనే ఉంది.

“చాలు, తియ్యి. నేను చచ్చేముందు కూడా వెక్కిరిస్తోంది నన్ను” అంది అమ్మ.

“అది పెట్టె పాడైందమ్మా! అక్క కాదు!”

“నువ్వెప్పుడూ దానికే వత్తాసు.”

గోడవైపు తిరిగింది. ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. సాయంత్రం దీపాలు వేసే వేళకు పోయింది.

బావ ఆ రోజే తప్పు పట్టుకుని, పాత మిషను మీద మళ్ళీ బిల్డ్ చేసి పంపాడు. అమ్మ రమ్మనలేదని అక్క రాలేదు. నేను కర్మకాండలు ముగించుకుని అక్క ఇంటికి వెళ్ళేసరికి పెట్టె చక్కగా పలుకుతోంది. నిజంగానే ముందుకంటే తియ్యగా ఉంది. ఆ తియ్యటి గొంతుతో అక్క నన్ను అడిగింది.

“అమ్మ చివరికి ఏమందే?”

బావ గుమ్మంలో నిలబడి, చెప్పొద్దని నాకు చేతులు జోడించాడు. అబద్ధం చెప్పగలను, నా నాలుకకు అదేం బరువు కాదు. కానీ గుమ్మంలో ఆ మొహం చూడగానే నాకు తిక్కరేగింది.

“నువ్వు వెక్కిరించావనుకుందే. అలా అనుకునే పోయింది” అన్నాను, ఆయన్నే చూస్తూ.

అక్క పెట్టె ఆపేసింది. బట్టల అలమరలో అడుగున పెట్టి తలుపు వేసింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో సైగలే. అవి కూడా నాతోనే, బావతో లేవు.

ఆఫీసులో మెట్ల కింద మిషను ఇంకా నడుస్తోంది. బావ ప్రతివారం గొంతులన్నీ దాని మీదే, ఒక్కొక్కటీ చెవులారా విని మరీ పంపుతున్నాడు. అలమరలో ఉన్న అక్క పెట్టె ఒక్కటే వాటిని తీసుకోవడం లేదు. మొన్న గడియారం సారు ఆ లెక్క చూసి, “పాత పెట్టె వాడేవాళ్ళు ఒకరు తగ్గారన్నమాట, మంచిది” అన్నాడు. బావ అక్కణ్ణుంచి లేచాడు. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“మీ అక్కతో నువ్వు చెప్పవా? ఒక్కసారి ఆన్ చేయమని. నన్ను తిట్టడానికైనా సరే.”

“నువ్వే చెప్పు బావా” అన్నాను. “నీకు గొంతుందిగా.”