కుండల్‌వాడిలో గొంగడి కింద చూసిన లాప్‌టాప్

నాందేడ్‌లో మాది ఇళ్ళ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. నేనూ మా వదిన రాధా కలిసి నడుపుతున్నాం. గీసే పని ఆమెది, తిరిగే పని నాది. చుట్టుపక్కల తాలూకాల నుంచి పని బాగానే వస్తుంది కానీ ప్రతిసారీ ఒకటే తంటా. కాగితపు చుట్టలు చంకలో పెట్టుకుని బస్సెక్కి వెళ్తాను. ఇంటివాళ్ళు ఈ గోడ కాస్త జరపమంటారు. ఆ మాట మోసుకుని తిరిగి వస్తాను. వదిన మళ్ళీ గీస్తుంది, నేను మళ్ళీ బస్సెక్కుతాను. ఒక్క గోడ జరగడానికి వారం పడుతుంది. ఆ వారంలో విసుగొచ్చి వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ ఏడాది, అంటే 2009లో, ఎండలు ముదరకముందే మోయడానికి తేలికగా ఉండే లాప్‌టాప్ ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాం. ఒక్కటే కొనగలం. ఏది కొనాలన్న దగ్గరే మా ఇద్దరికీ కుదరలేదు.

వదినకు నచ్చింది పదమూడు అంగుళాల తెర ఉన్నది, సన్నగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. నాకు నచ్చింది పది అంగుళాలది, కిలోకు కాస్త ఎక్కువ బరువు, పెద్ద సైజు డైరీలా సంచిలో ఇమిడిపోతుంది. "దాని మీద గీస్తే నాకు కళ్ళజోడొస్తది సునీతా" అని వదిన. "దాన్ని మోస్తే నా భుజం పోతది వదినా" అని నేను. మా ఊళ్ళోని వజీరాబాద్ బజారులో కంప్యూటర్ల దుకాణం ఉన్న పెద్దమనిషి మాకు తెలిసినవాడే, ఆయన ఇంటి ప్లాన్ మేమే గీశాం. మా తగువు విని నవ్వి, రెండూ మా ముందు పెట్టాడు. "ఘేఊన్ జా తాయీ, ఫిరూన్ బఘా, మగ్ సాంగా" అన్నాడు. తీసుకెళ్ళి, తిప్పి చూసి, అప్పుడు చెప్పమని. ఆ రాత్రే రెండింటిలోనూ మా డ్రాయింగులన్నీ ఎక్కించి, నిండా ఛార్జ్ చేసి పెట్టుకున్నాం.

పొద్దున ఏడున్నరకు నాందేడ్ బస్టాండులో భోకర్ బస్సు దొరికింది. గంటన్నర ప్రయాణం. ఈ రోడ్డు మీద కుడివైపు కిటికీలో కూర్చోకండి, పొద్దుటి ఎండంతా ముఖాన్నే కొడుతుంది. మేము ఆ తప్పే చేశాం, అయితే అదీ ఒక పరీక్షే అయింది. ఒళ్ళో పెట్టుకుని చూస్తే పెద్దదాని అడుగుభాగం కాసేపటికే వెచ్చబడింది, చిన్నది చల్లగానే ఉంది. కానీ చిన్నదాని మీటలు మరీ దగ్గరదగ్గరగా ఉండటంతో, గతుకు వచ్చినప్పుడల్లా నేను ఒకటి నొక్కబోతే ఇంకోటి పడేది. వదిన పక్క నుంచి చూసి తృప్తిగా తలూపింది.

భోకర్‌లో దిగి, బస్టాండు బయట వేడివేడి పోహా, చాయ్ కానిచ్చి రాజన్న సేఠ్ ఇంటికి నడిచాం. ఆయనది పత్తి, సోయా కొనే వ్యాపారం. కింద గోదాము, పైన ఇల్లు కట్టుకోవాలని నాలుగు నెలలుగా మాతో ప్లాన్ గీయిస్తున్నాడు. వరండాలో కూర్చోబెట్టాడు. వదిన తన నల్లటి యంత్రాన్ని గర్వంగా తెరిచింది. సేఠ్ ముందుకు వంగి చాలాసేపు చూసి, మెల్లగా మీసం సవరించుకున్నాడు.

"అమ్మా, గిండ్ల నా మీసాలే కనవడుతున్నయ్. ఇల్లేది?"

అద్దంలా మెరిసే తెరలో ఆయన ముఖం, వెనకాల రోడ్డు, రోడ్డు మీద ఎడ్లబండి, అన్నీ కనిపిస్తున్నాయి, ప్లాన్ తప్ప. నవ్వుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళాం. లోపల మాత్రం ఆ యంత్రం తడాఖా చూపించింది. సేఠ్ భార్య శకుంతల ఇన్ని నెలల్లో ఒక్క మాటా మాట్లాడని మనిషి. ఇంటి బొమ్మ తెర మీద గిర్రున తిరిగి వంటింటి లోపలికి వెళ్ళేసరికి, తలుపు దగ్గర నిలబడ్డ ఆమె నాలుగడుగులు ముందుకొచ్చింది.

"పొయ్యి కాడ నిలవడితె నాకు గోడే కనవడ్తదా?"

"అవునక్కా" అంది వదిన.

"అట్లయితె నేనొద్దంటున్న. కిటికి గావాలె. రోడ్డు కనవడాలె."

సేఠ్ ఆశ్చర్యంగా భార్యవైపు చూశాడు. "గిన్నొద్దులు చెప్పకపోతివి?"

"కాయితం మీద నాకేం సమజైతది? ఇప్పుడు కనవడ్డది, చెప్తున్న."

వదిన అక్కడికక్కడే గోడ తెరిచి కిటికీ పెట్టింది. ఆ తర్వాత శకుంతల ఆగలేదు. సామాన్ల అర, దేవుడి గూడు, మేడ మెట్ల కింద నీళ్ళ తొట్టి, ఒకదాని తర్వాత ఒకటి చెబుతూనే ఉంది. వదిన గీస్తూనే ఉంది. సేఠ్ అందరికీ రెండోసారి చాయ్ తెప్పించాడు. నాలుగు నెలల పని పొద్దున పూటే తెమిలిపోయింది. అయితే పదింటికే కరెంటు పోయింది, లోడ్‌షెడ్డింగ్. ఛార్జింగ్ పెట్టే వీల్లేక, చివరి మార్పు భద్రం చేసుకోగానే బ్యాటరీ అయిపోయి నల్లటి తెర ఆరిపోయింది. ఇక కుండల్‌వాడికి చిన్నదే దిక్కు.

భోకర్ నుంచి కుండల్‌వాడికి నేరుగా పోదామంటే కష్టం. ఉమ్రీ దాకా ఒక జీపు, అక్కడి నుంచి ధర్మాబాద్‌కు ఇంకోటి, అక్కడ మళ్ళీ మారాలి. మొత్తం రోజు తిరుగుడికి మనిషికి నూటయాభై రూపాయలుంటే హాయిగా సరిపోతుంది. జీపులో ఎక్కువమందిని ఎక్కిస్తారు కాబట్టి సంచి ఒళ్ళోనే పెట్టుకోవాలి. ఉమ్రీ దాటాక డ్రైవర్ అద్దంలోంచి నా సంచి చూసి, "మేడం, ఇస్మే క్యా హై, ఇత్నా సంభాల్‌కే పకడే?" అని అడిగాడు, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు, ఏముంది ఇందులో అని. "ఇల్లు" అన్నాను. అతను అక్కడి నుంచి గుంతల దగ్గర బండి నెమ్మదిగా నడపడం మొదలుపెట్టాడు.

కుండల్‌వాడిలో మమ్మల్ని పిలిచింది పోశెట్టి. మా సైట్లలో సెంట్రింగ్ పనికి వచ్చేవాడు. కూలి చేసుకుని బతికే కుటుంబం, సొంత జాగా ఎన్నడూ లేదు. ఇప్పుడు సర్కారు వాళ్ళ పేరు మీద ఇంత జాగా ఇచ్చి, ఇంటికి డబ్బు మంజూరు చేసింది. ఆ ఇంటి బొమ్మ మేము ఊరికే గీసిస్తామన్నాం. మేస్త్రి మల్లయ్య ఆ సాయంత్రమే పునాదికి ముగ్గు పోయాలి, మర్నాటి నుంచి అతనికి ధర్మాబాద్‌లో వేరే పని. ఈ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు.

మేము చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఖాళీ జాగాలో నీడన్నది లేదు. నేను చిన్న లాప్‌టాప్ తెరిచాను. దీని తెర అద్దంలా మెరవదు, అయినా ఆ ఎండకు బొమ్మ వెలవెలబోయింది. పోశెట్టి తల్లి లసుంబాయి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "బిడ్డా, ఏం కనవడ్తలేదు" అంది. అంతలో ఏదో తోచినట్టు కోడలివైపు తిరిగింది. "సాయవ్వా, గొంగడి తే."

నల్లటి గొంగడి వచ్చింది. లసుంబాయి, సాయవ్వ, పక్కింటామె, నేనూ, వదినా, అయిదుగురం నేల మీద కూలబడి దాన్ని తలల మీదుగా కప్పుకున్నాం. లోపల చీకటి, ఉన్నివాసన, ఉక్క. ఆ చీకట్లో చిన్న తెర దీపంలా వెలిగింది. ఇంటి బొమ్మ ఆగి ఆగి తిరిగింది. దీని బలం అంతే, పెద్దదానిలా గిర్రున తిప్పలేదు. కానీ ఎవరికీ తొందర లేదు. బయట నుంచి పోశెట్టి, "నాకు గూడ చూపియ్యుండ్రి, ఇల్లు నాది గాదా?" అన్నాడు. "నువ్వు ఆగు" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

లసుంబాయి వేలు తెరకు తగలకుండా గాలిలోనే ఆపి అడిగింది. "గిది తలుపా?"

"అవునవ్వా."

"ఎన్క దిక్కు పెట్టిన్రు. నేను బీడీలు చేస్కుంట కూసుంట. ఎన్క దిక్కయితె నాకు గోడలే దోస్తు. గల్లీ దిక్కు పెట్టు. అచ్చెటోళ్ళు పొయ్యెటోళ్ళు కనవడాలె."

వదిన ఆ చిన్న మీటల మీద గొణుక్కుంటూ తలుపును గల్లీ వైపుకు మార్చింది. తలుపు ముందు ఇద్దరు కూర్చునేంత అరుగు పెట్టింది. సాయవ్వ మెల్లగా, "పొయ్యి కాడ పొగ పొయ్యెటందుకు?" అంది. వంటమూలలో కిటికీ వచ్చింది. గొంగడి కింది నుంచి చెమటతో బయటపడేసరికి మల్లయ్య తాడు, ముగ్గు బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన కొలతలు చదువుతుంటే అతను తాడు లాగి ముగ్గు పోశాడు. గోడ గోడకూ తెల్లటి గీత, తలుపు ఉండే చోట ఖాళీ.

లసుంబాయి ఆ ఖాళీ దగ్గర చెప్పులు విడిచింది. గీత తొక్కకుండా చీర కొంచెం ఎత్తి పట్టుకుని, తలుపు గుండానే లోపలికి నడిచింది. వంటమూల చూసింది. తిరిగి వచ్చి అరుగు ఉండే చోట మట్టిలో కూర్చుంది. గల్లీలో సైకిలు మీద పోతున్నతన్ని పేరు పెట్టి పిలిచి, "రా, లోపలికి రా, తలుపు దిక్కెళ్ళి రా" అంది. అతను సైకిలు దిగి, నిజంగానే తలుపు దిక్కు నుంచే వచ్చాడు. జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిఠ్లా అందరం ఆ ముగ్గు గీతల మధ్యనే కూర్చుని తిన్నాం.

నర్సీ మీదుగా నాందేడ్ బస్సులో తిరిగి వస్తున్నప్పుడు వదినే ముందుగా అంది. "చిన్నదే తీస్కుందాం. నేను ఆఫీసుల గీస్త, నువ్వు ఊర్ల చూపియ్యి." ఆ మాటకు నేను గెలిచినట్టు అనిపించలేదు. ఇన్నేళ్ళూ మా పని గీయడం అనుకున్నాం, చూపించడమని ఆ రోజే తెలిసింది. నాలుగు నెలలు మాట్లాడని శకుంతలా, సొంత ఇల్లన్నదే ఎరగని లసుంబాయీ, ఇద్దరికీ తమకేం కావాలో ముందే తెలుసు. తెలియనిది మాకే.

కొనబోయేవాళ్ళకు ఒక్క మాట. దుకాణం లోపల ట్యూబులైటు కింద ఏ లాప్‌టాప్ అయినా బాగానే ఉంటుంది. మధ్యాహ్నం వేళ వెళ్ళి, రోడ్డు మీదికి తెప్పించి, ఎండలో మీ పని ఫైలు తెరిచి చూడండి. బయటికి ఇవ్వనంటే ఇంకో దుకాణానికి నడవండి.